పురుగుకి పెట్టే పేరు

బీన్స్ ఈనెలు తీస్తున్నాను. హాల్లో మా ఆయన ఫోన్లో ఎవరికో చెబుతూ పడీ పడీ నవ్వుతున్నాడు. "అవున్రా బాబూ, నిజం! మా ఆవిడ పేరు పురుగుకి పెడుతున్నారు. అది కూడా కుట్టే పురుగట. ఏరికోరి పెట్టినట్టు లేదూ!" అవతలివాడు ఏమన్నాడో గానీ మా ఆయన నవ్వు ఇంకా పెద్దదైంది. సోఫాలో కాళ్లు చాపుకుని కూర్చున్న అత్తయ్య, "ఇంటిపేరుతో సహా పెడతారా, ఉత్త పేరేనా?" అని ఆరా తీసింది. ఇంటిపేరు వాళ్లది కాబట్టి ఆవిడ బాధ ఆవిడది. "ఉత్త పేరే అత్తయ్యా" అన్నాను వంటింట్లోంచి. "ఓస్, అంతేనా" అని టీవీ సౌండు పెంచింది.

అబద్ధమెందుకు, ఆ సాయంత్రం నేనూ లోలోపల పొంగిపోతూనే ఉన్నాను. మా మ్యూజియంలో పురుగుల విభాగం అధిపతిని అందరం పెద్దాయన అంటాం. పొద్దున మీటింగులో ఆయన లేచి నిలబడి, ఇంతవరకు ప్రపంచంలో ఎవరూ పేరు పెట్టని కందిరీగ ఒకటి మనకు దొరికిందనీ, దానికి మన అసిస్టెంటమ్మ పేరు పెట్టబోతున్నామనీ ప్రకటించారు. పక్షుల విభాగం వాళ్లు, పాముల విభాగం వాళ్లు కూడా చప్పట్లు కొట్టారు. ఎప్పుడూ నా మొహం చూడని క్యాషియరు కూడా కొట్టాడు. నేను తల వంచుకుని బల్ల అంచు గోకుతూ కూర్చున్నాను. పెళ్లిచూపుల్లో తప్ప అంతమంది ఒకేసారి నన్ను చూడడం అదే మొదలు.

మా పనిలో ఒక తమాషా ఉంది. భూమ్మీద ఉన్న జంతువుల్లో చాలావాటికి వెన్నెముక ఉండదు. పురుగులు, నత్తలు, వానపాములు, పీతలు, ఒకదానికీ ఒకదానికీ పోలికే లేదు. అయినా అన్నిటినీ కలిపి వెన్నెముక లేనివి అంటాం. ఉన్నదేమిటో చెప్పే ఓపిక లేకపోతే లేనిదేమిటో చెప్పి డ్రాయరు మూసేస్తాం. నా సంగతీ అంతే. మ్యూజియంలో నేను పర్మనెంటు కానిదాన్ని, ఏడాదికోసారి కాంట్రాక్టు పొడిగిస్తేనే ఉండేదాన్ని. డాక్టరేటు లేనిదాన్ని. మామయ్యగారికి పక్షవాతం వచ్చిన ఏడాది దాన్ని మధ్యలో ఆపేశాను. "ఒక్క ఏడాదే కదా, ఆయన లేచి కూర్చుంటే మళ్లీ వెళ్దువుగాని" అన్నాడు మా ఆయన. మామయ్యగారు లేచి కూర్చోలేదు. ఆయన పోయాక మళ్లీ వెళ్తానంటే, "ఈ వయసులో నీకు చదువేంటి" అన్నది కూడా మా ఆయనే. ఇక ఇంట్లో నేను పిల్లలు లేనిదాన్ని. చుట్టాల ఇళ్లకు వెళ్తే నన్ను పరిచయం చేసే తీరు అదే. చదువుకుంది, ఉద్యోగం చేస్తోంది, పాపం పిల్లల్లేరు. ఆ పాపం అనే మాట ఎవరూ మర్చిపోరు.

ఆ కందిరీగ నాకు పెరట్లో, బట్టలారేసే తీగ దగ్గర దొరికింది. ప్రహరీగోడ మీద ఎర్రని వెల్వెట్ చొక్కా తొడుక్కున్నట్టు ఒక పురుగు, వీపు మీద రెండు తెల్ల చుక్కలు, రెక్కల్లేవు, ఎవరో తరుముతున్నట్టు పరిగెడుతోంది. అలాంటివి మా మ్యూజియంలో చీమల బీరువాలో ఉన్నాయి. ఏ కాలంలోనో ఎవరో రెక్కల్లేవు కదా అని చీమల్లో పడేశారు. వంగి చూస్తే, చీమ నడుము దగ్గర కనపడే బొడిపె దీనికి లేదు. క్లిప్పుల డబ్బా ఖాళీ చేసి పట్టబోతే వేలి మీద కుట్టింది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అయినా డబ్బా వదల్లేదు. కందిరీగల్లో కొన్ని రకాలున్నాయి, మగదానికి రెక్కలుంటాయి, ఆడదానికి ఉండవు. రెండింటినీ పక్కపక్కన పెట్టినా ఒకే జాతివంటే ఎవరూ నమ్మరు. అందుకే మా రంగంలో మొగుడిని ఒక డ్రాయర్లో, పెళ్లాన్ని ఇంకో డ్రాయర్లో పెట్టి, రెండిటికీ రెండు పేర్లు తగిలించిన పెద్దమనుషులు చాలామంది ఉన్నారు. అయితే ఈ ఎర్రదాని మగది ఏది? అది తేలాలంటే దీన్ని బతికించి, దీని పిల్లల్ని చూడాలి.

పెద్దాయన్ని అడిగాను. "బతికున్న పురుగుని ఈ గడప దాటనివ్వనమ్మా. దానితో పాటు ఇంకేదో వచ్చి చేరిందంటే ఇక్కడున్న సేకరణంతా పిండి చేసేస్తుంది" అన్నారు. అందులో తప్పేం లేదు, ఏ మ్యూజియంలోనైనా అదే పద్ధతి. "కావాలంటే ఇంట్లో పెంచుకో. మ్యూజియానికి ఏ సంబంధమూ లేదు, ఏ పూచీ లేదు. అయినా, పెంచడం వేరు, పరిశోధన వేరమ్మా" అని కూడా అన్నారు.

అలా మా వంటింటి అటక మీద, పంచదార డబ్బా పక్కన, వల గుడ్డ కట్టిన గాజు సీసాలు చేరాయి. ఈ ఎర్రది మట్టి గూళ్లు కట్టే వేరే కందిరీగల ఇళ్లల్లో దొంగతనంగా గుడ్లు పెడుతుంది. అందుకని వీధిలో ఎవరి కిటికీకి మట్టి గూడు కనపడితే వాళ్ల తలుపు తట్టి, కత్తి పెట్టి గీరి తెచ్చి ఎర్రదాని సీసాలో పెట్టేదాన్ని. గీరినంత మేరా సున్నం వేయిస్తావా అని అడిగినవాళ్లున్నారు, ఈవిడకేదో పట్టుకుంది అనుకున్నవాళ్లున్నారు. పొద్దున లేచి వాళ్లకి టిఫిను, వీళ్లకి తేనె చుక్కలు. సాయంత్రం వచ్చి వాళ్లకి వంట, వీళ్లకి తడి దూది. "ఇది ఇల్లా, జూనా?" అని మా ఆయన. అత్తయ్య అయితే, "దేవుడు కడుపు పండించకపోతే మాత్రం పురుగుల్ని సాకుతారటే ఎవరైనా!" అని ఎవరితోనో అంటున్నట్టుగా నాకు వినపడేట్టు అంది. నాకు కోపం రాలేదు. ఏడుపు వచ్చింది. కానీ చేతిలో సీసా ఉంది, పడేస్తే పగిలిపోతుంది.

ఒకరోజు మ్యూజియంలో ఉండగా ఫోను. అత్తయ్య! కాలు జారి పడిందేమో అనుకున్నాను. "అమ్మాయ్, నీ సీసాలో నల్లది పుట్టిందే. రెక్కలతో. మొన్న ఎర్రది వచ్చింది, ఇవాళ నల్లది. ఒక్క తల్లికి ఇలా ఎలా పుట్టాయే? నువ్వు మూత సరిగ్గా కట్టావా?" నేను లేని వేళల్లో ఆవిడ స్టూలు వేసుకుని సీసాల్లోకి తొంగి చూస్తోందని నాకు అప్పుడే తెలిసింది. మూత సరిగ్గానే కట్టాను. అంతేకాదు, అవే కిటికీల నుంచి తెచ్చిన గూళ్లని ఇంకో సీసాలో తల్లి లేకుండా విడిగా పెట్టాను. వాటిలోంచి మట్టి కందిరీగలే వచ్చాయి, ఎర్రదీ రాలేదు, నల్లదీ రాలేదు. రెక్కలున్న ఆ నల్లవి మా మ్యూజియంలో ఎప్పటి నుంచో ఏ జాతో తెలియనివి అన్న డ్రాయర్లో పడున్నాయి. తల్లులూ కూతుళ్లూ చీమల్లో, కొడుకులు అనాథల్లో.

చచ్చిన ఎర్రదాన్నీ నల్లదాన్నీ తీసుకెళ్లి చూపిస్తే, పెద్దాయన సూక్ష్మదర్శిని మీదికి వంగి చాలాసేపు చూశారు. పాత పుస్తకాలన్నీ తిరగేశారు. చివరికి తలెత్తి, "దీనికి పేరు లేదమ్మా" అన్నారు. ఆ మాట అన్నప్పుడు ఆయన కళ్లల్లో నీళ్లున్నాయి, అది నటన కాదు. పురుగు రెక్క విరగకుండా సూది ఎక్కడ గుచ్చాలో నాకు నేర్పింది ఆయనే. అందుకే మీటింగులో నా పేరు ప్రకటించినప్పుడు నా మనసంతా ఆయన మీద గౌరవమే తప్ప ఇంకేం లేదు.

మర్నాడు ఆయన వ్యాసం నా బల్ల మీద పెట్టి, "కామాలు, చుక్కలు చూసిపెట్టమ్మా. నీ కళ్లు చురుకు" అన్నారు. రాసినవాళ్లు ఇద్దరు. పెద్దాయన, ఆయన కింద కొత్తగా చేరిన శాస్త్రవేత్త. కొత్తాయన చేసిందల్లా ఫొటోలు తియ్యడం. ఏ కాలు ముందు పెట్టాలో కూడా నన్నడిగే తీశాడు. నా పేరు వ్యాసం చివర కృతజ్ఞతల్లో ఉంది, పురుగుల్ని ఓర్పుతో పెంచినందుకు. ఓర్పట! ఇక్కడ బయటివాళ్లకి ఒక విషయం చెప్పాలి. కొత్త జీవికి పేరు పెడితే, పెట్టినవాళ్ల పేరు దాని వెనకాలే ఎప్పటికీ అంటుకుని ఉంటుంది. తర్వాత ఎవరు, ఎక్కడ ఇంకో పేరు పెట్టినా లోకమంతా ముందు పెట్టిన పేరుకే కట్టుబడి ఉంటుంది. ఇంకో సంగతి, పేరు పెట్టేటప్పుడు ఒకే ఒక్క పురుగుని నమూనాగా ఎంచి మ్యూజియంలో భద్రం చెయ్యాలి. ఆ పేరుకి అదే సాక్షి. వ్యాసంలో నమూనాగా మగదాన్ని పెట్టారు. దాని కాళ్లు, మీసాలు, రెక్కల్లో ప్రతి నరం పేజీలకి పేజీలు వర్ణించారు. చివర్లో ఆడదాని గురించి ఒక్క వాక్యం. మగదాని వలెనే ఉండును, రెక్కలు లేవు.

చదివిందే మళ్లీ చదివాను. మగదాని వలెనా? నేల తవ్వేది అది, ఇంకొకరి గూడు కనిపెట్టేది అది, గోడ బద్దలుకొట్టి గుడ్డు పెట్టి మళ్లీ మట్టితో పూడ్చేది అది, కుట్టేది కూడా అదే. మగదానికి కొండి ఉండదు. రెండు పూలు చూసి, నాలుగు రోజులు ఎగిరి పోతుంది. అలాంటిదాన్ని ముందు కూర్చోబెట్టి, ఆడదాన్ని దానిలాగే, కాకపోతే ఫలానాది లేదు అంటారా? నా చేతిలో ఎర్ర పెన్ను ఉంది. కామాలు దిద్దాను, చుక్కలు పెట్టాను, ఆయన రెండుచోట్ల కాలు బదులు కాళ్లు అని రాస్తే అదీ సరిచేశాను. ఆ పని అంతా చేసి గానీ ఆయన గదికి వెళ్లలేదు. నా మీద నాకే అసహ్యం వేసింది.

"సార్, రాసినవాళ్లలో నా పేరు లేదు."

పెద్దాయన నవ్వారు. "ఎలా ఉంటుందమ్మా? పురుగుకి నీ పేరు పెడుతున్నాం కదా. తన పేరు తనే పెట్టుకునే మర్యాద లేనివాళ్లు మన రంగంలో ఎవరున్నారు? నలుగురూ నవ్వరూ? రెండింట్లో ఒకటే కుదురుతుంది. నీకు ఏది గౌరవమో ఆలోచించే నేను ఆ పని చేశాను."

"నన్ను అడగాల్సింది సార్."

"గౌరవం అడిగి ఇస్తారా?"

"పేరు వద్దు సార్. రాసినవాళ్లలో పెట్టండి."

ఆయన మొహంలో నవ్వు అలాగే ఉంది గానీ గొంతు మారింది. "ప్రకటించేశాక వెనక్కి తీసుకుంటే బావుండదమ్మా. నువ్వు చేసింది చిన్న పని అనడం లేదు. చాలా శ్రద్ధగా పెంచావు. కానీ వ్యాసం రాయడం, పాతవాటితో పోల్చడం, అదంతా వేరు. సోమవారం ఆ సీసాల్లోవి తీసుకొచ్చి ఇచ్చెయ్, నంబర్లు వేయిద్దాం. అన్నట్టు నీ కాంట్రాక్టు వచ్చే నెలతో అయిపోతుంది కదా? నేను రాసి పంపుతాలే." చివరి మాట ఎంతో ప్రేమగా అన్నారు. అందుకే అది బాగా గుచ్చుకుంది.

ఇంటికొచ్చి మా ఆయనతో చెప్పాను. "పేరు నీదే కదా, ఎవరు రాస్తే ఏంటి?" అన్నాడు షర్టు విప్పుతూ. పోయినేడు ఆఫీసులో ఈయన తయారుచేసిన రిపోర్టుని పక్క సీటాయన పై ఆఫీసరు ముందు చదివాడని వారం రోజులు అన్నం సరిగ్గా తినలేదు. రాత్రిళ్లు లేపి మరీ చెప్పుకున్నాడు. నేను కళ్లు నులుముకుంటూ విన్నాను, ఆ పక్క సీటాయన్ని ఆయనతో సమానంగా తిట్టాను. అది గుర్తుచేస్తే, "అది వేరు, ఉద్యోగం" అన్నాడు.

"మరి నాదేంటి?"

"నీది... నీకిష్టమైన పని కదా. గొడవ పడితే ఉన్నది కూడా పోతుంది. ఇచ్చెయ్. ఎవరి పేరు పురుగులకి పెడుతున్నారు ఈ రోజుల్లో?"

నిజమే, ఇష్టమైన పనే. ఇష్టంగా చేస్తే ఆ పని లెక్కలోకి రాదని ఈ ఇంట్లోనే నేర్చుకున్నాను. మామయ్యగారి పక్క బట్టలు మార్చినప్పుడు, కోడలికి ఆయనంటే ప్రాణం అన్నారు. ఆ ముక్కతో నా చదువు ఖాతా మూసేశారు. ఇప్పుడూ అంతే. నాకు పురుగులంటే ఇష్టం, వాళ్లకి వ్యాసం కావాలి. ఇష్టం నాకు, వ్యాసం వాళ్లకి. పైగా నా పేరు ఆ పురుగుకి తగిలించి నోరు కూడా మూయించేస్తారు. పేరు పెట్టించుకున్నది మాట్లాడదు, సూదికి గుచ్చి ఉంటుంది. ఆ మాట మనసులో అనుకోగానే, ఏడుపు వస్తుందనుకున్నాను, రాలేదు. ఒళ్లు మండింది. చాలా ఏళ్ల తర్వాత ఒళ్లు మండడం ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

అప్పుడు తట్టింది. సీసాల్లోవి నావి. మ్యూజియానికి ఏ సంబంధమూ లేదన్నది పెద్దాయనే. డ్రాయర్లలో ఉన్న పాతవాటితో ఆయన ఏదైనా రాసుకోవచ్చు గానీ, ఎర్రదీ నల్లదీ ఒకే తల్లి పిల్లలని చెప్పాలంటే నా వంటింటి అటక కావాలి.

శనివారం మరో ఊళ్లోని మ్యూజియానికి ఫోన్ చేసి, నమూనా మీ దగ్గర భద్రం చేస్తారా అని అడిగాను. అక్కడి అధికారిణి నాకు చాలా ప్రశ్నలు వేసింది. డాక్టరేటు ఉందా అని మాత్రం అడగలేదు. ఆదివారం డైనింగు టేబులు మీద, చదువుకునే రోజుల్లో కొనుక్కున్న సూక్ష్మదర్శిని పెట్టుకుని కూర్చున్నాను. మా ఆయన రెండుసార్లు వచ్చి చూసి, "ఏంటి, ఇవాళ వంట లేదా?" అన్నాడు.

"లేదు."

"మరి?"

"ఇద్దరు పెద్దవాళ్లున్నారు. వంటింట్లో స్టవ్వు ఉంది."

అత్తయ్య అటూ ఇటూ చూసి, లేచి వెళ్లి గుడ్లు ఉడకేసింది. నా పక్కన కూడా ఒక ప్లేటు పెట్టి, సూక్ష్మదర్శిని వంక చూస్తూ, "నన్నూ ఓసారి చూడనిస్తావా?" అని అడిగింది. చూసి, "ఎంత బొచ్చే దీనికి! దగ్గర నుంచి చూస్తే ఎంత అందంగా ఉందో" అంది. పిల్లల మాట ఎత్తి అన్నందుకు ఆవిడ క్షమాపణ అడగలేదు, నేనూ ఎదురు చూడలేదు. కానీ సాయంత్రం దాకా ఎవరు పిలిచినా, "అది రాసుకుంటోంది" అని ఆవిడే జవాబిచ్చింది.

నేను ఆడదాన్నే నమూనాగా ఎంచుకున్నాను, ఆ తల్లిని. దాని దవడలతో మొదలుపెట్టి, ఏమేం ఉన్నాయో ఒక్కొక్కటీ రాశాను. మగదానికీ అన్యాయం చెయ్యకుండా, దాని గురించీ పూర్తిగా రాశాను. మ్యూజియంలో ఏళ్లుగా రాసుకున్న నా నోట్సు తీసి పాతవాటితో పోల్చాను. పెంపకం ఎలా చేసిందీ, తల్లి లేని సీసాలో ఏం జరిగిందీ రాశాను. పేరు దగ్గరికి వచ్చేసరికి చాలాసేపు ఆగాను. రంగును బట్టి పెట్టొచ్చు, పెరడును బట్టి పెట్టొచ్చు. చివరికి ఒక పేరు పెట్టి, సోమవారం పొద్దున ఇంట్లోంచి బయల్దేరే ముందే పత్రికకి పంపేశాను. అడిగి పంపితే ఆగిపోతానని నాకు తెలుసు.

పెద్దాయన గదిలో కొత్తాయన కూడా ఉన్నాడు. "తెచ్చావా అమ్మా?" అన్నారు. నమూనా ఉన్న చిన్న పెట్టె బల్ల మీద పెట్టాను. ఆయన చెయ్యి చాచేలోగా దాని పక్కన వ్యాసం కాపీ పెట్టాను. "ఇది పొద్దున పంపించాను సార్. మీరు చూడాలని తెచ్చాను. పెట్టె సాయంత్రం బండికి వేరే మ్యూజియానికి వెళ్తోంది."

ఆయన చదువుతుంటే మొహంలో రంగులు మారాయి. రాసిన వ్యక్తి ఒక్కరే. కొత్తాయన భుజం మీదుగా తొంగి చూసి, చప్పుడు చెయ్యకుండా ఒకడుగు వెనక్కి వేశాడు. పెద్దాయన వేలు పేరు దగ్గర ఆగిపోయింది.

"ఇది నా పేరు" అన్నారు.

"అవును సార్. సూది పట్టుకోవడం నాకు నేర్పింది మీరు. ఆ సంగతి కూడా రాశాను, కింద ఉంది చూడండి."

"నా పేరు పెట్టి... రాసినవాళ్లలో నన్ను లేకుండా చేశావా?"

"రెండూ కుదరవు కదా సార్. నలుగురూ నవ్వుతారు."

"నీ కాంట్రాక్టు సంగతి ఆలోచించుకున్నావా?"

"ఆలోచించే పంపాను సార్."

ఆయన కాగితం మీంచి కళ్లెత్తలేదు. చెవులు ఎర్రబడ్డాయి. తన జీవితంలో పనికొచ్చే కాగితాలన్నిటి మీదా మొదటి పేరుగా ఉన్న మనిషి, మొదటిసారి పురుగై కూర్చున్నారు. నాకు జాలి వెయ్యలేదని కాదు, వేసింది. అయినా వెనక్కి తగ్గాలనిపించలేదు.

"నన్నొక్క మాట అడగలేదు" అన్నారు చివరికి. "ఇదేం గౌరవం?"

"అదే సార్, నేనూ అంటున్నది" అని, పెట్టె తీసుకుని సంచిలో పెట్టుకున్నాను.